కీలు లోపలి సంభాషణ: రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ఏ కణం పాత్ర ఎంత?

కోవిడ్ కాలంలో మన ఇళ్లలో ఇమ్యూనిటీ అన్న మాట వినిపించని రోజు లేదు. దాన్ని పెంచుతాయని కషాయాలు కాచుకున్నాం, మాత్రలు కొనుక్కున్నాం. అదే ఇంట్లో ఎవరికైనా వేళ్ల కణుపులు వాచి, పొద్దున్నే పిడికిలి బిగించలేని స్థితి వచ్చి డాక్టరు దగ్గరకు వెళితే, అక్కడ వినిపించే మాట దీనికి పూర్తిగా ఎదురు తిరుగుతుంది: మీ ఇమ్యూనిటీయే మీ కీళ్లను దెబ్బతీస్తోంది, దాన్ని అణిచే మందు వాడాలి. కష్టపడి పెంచుకున్నదాన్ని డబ్బిచ్చి తగ్గించుకోవడం ఏమిటన్న సందేహం సహజమే.

2025 సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఈ సందేహానికి దగ్గర సంబంధమున్న పరిశోధనకే దక్కింది. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచి అనే ముగ్గురు శాస్త్రవేత్తలు, రోగనిరోధక కణాలను అదుపులో ఉంచే మరో రకం రోగనిరోధక కణాలు మన ఒంట్లో ఉన్నాయని నిరూపించారు. ఆ తర్వాత రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ఇక శాశ్వత చికిత్స వచ్చేసినట్లేనన్న ఆశ కూడా పుట్టింది. అసలు సంగతి అంత సులువుగా లేదు. ఇమ్యూనిటీ ఎక్కువా తక్కువా అన్న కొలత ఈ జబ్బు దగ్గర ఎందుకు చెల్లదో తెలియాలంటే, కీలులో చేరే కణాలను ఒక్కొక్కటిగా చూడాలి.

అరుగుదల వేరు, ఈ వాపు వేరు

మన వాడుకలో కీళ్లవాతం అన్న ఒక్క మాట కిందే పలు జబ్బులు చేరిపోయాయి. వయసు మీరినవారి మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందని చెప్పుకునేది ఆస్టియో ఆర్థరైటిస్. అందులో ఎముకల చివరలను కప్పి ఉండే మృదులాస్థి క్రమంగా పలచబడుతుంది. నడిచేకొద్దీ నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో వరస తలకిందులు. రాత్రంతా కదలకుండా ఉన్న కీళ్లు తెల్లవారాక చాలాసేపు పట్టేసి ఉండి, పనిలో పడ్డాక కొంత వదులుతాయి. ఎక్కువగా రెండు చేతుల కణుపులు, మణికట్లు ఒకేసారి వాస్తాయి. జనాభాలో 0.5 నుంచి 1 శాతం మందికి వచ్చే ఈ జబ్బు పురుషుల కంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

2006లో ఆంధ్రప్రదేశ్‌ను చికున్‌గున్యా చుట్టుముట్టినప్పుడు, జ్వరం తగ్గిన నెలల తర్వాత కూడా వేళ్ల కణుపులు వాచి ఉన్నవారిని చూసినవారికి ఆ జ్వరానికీ రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కూ ఉన్న పోలిక తెలిసే ఉంటుంది. అక్కడ కీళ్లను రెచ్చగొట్టింది వైరస్, కాబట్టి చాలామందిలో అది కాలక్రమేణా చల్లారింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో అలా చల్లారకపోవడమే అసలు చిక్కు.

ఆరోగ్యంగా ఉన్న కీలు లోపలి గోడకు సైనోవియం అనే పలచని పొర ఉంటుంది. ఒకటి నుంచి మూడు వరసల కణాలే దాని మందం. అందులో రెండు రకాల కణాలున్నాయి: వ్యర్థాలను మింగి శుభ్రం చేసే మాక్రోఫేజ్‌లు, కందెనలాంటి కీలు ద్రవాన్ని తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్‌లు. జబ్బు ముదిరిన కీలులో ఇదే పొర పది వరసలకు మించి మందమెక్కి, కొత్త రక్తనాళాలు మొలిచి, మృదులాస్థి మీదకు పాకుతూ ఎముకను కొరుకుతుంది. బయటికి కనిపించే వాపు దీని ఫలితం. ఇక ముందు వాపు ప్రక్రియ అన్నప్పుడు, కణాలు కీలులోకి వచ్చి, రసాయనాల ద్వారా ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకునే లోపలి వ్యవహారం అని అర్థం. ఆ రసాయనాలకే సైటోకైన్లు అని పేరు.

నొప్పికి ఏళ్ల ముందే రక్తంలో కనిపించే జాడ

నెదర్లాండ్స్‌లో రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చిన 79 మంది ఒకప్పుడు రక్తదానం చేసినవారని తెలిసి, రక్తనిధిలో భద్రపరచిన వారి పాత నమూనాలను పరిశోధకులు బయటికి తీయించి పరీక్షించారు. ఫలితాలు 2004లో వెలువడ్డాయి. వారిలో దాదాపు సగం మందిలో, ఏ నొప్పీ లేని రోజుల్లోనే, ఈ జబ్బుకు సంబంధించిన యాంటీబాడీలు (పరాయివాటిని గుర్తించి అంటుకునే రోగనిరోధక ప్రొటీన్లు) ఉన్నాయి; తొలి లక్షణానికి సగటున నాలుగున్నరేళ్ల ముందు నుంచీ ఉన్నాయి. అంటే జబ్బు కీలులో మొదలై రక్తంలోకి పాకడం లేదు. రక్తంలో ఏదో ముందే మొదలై, తర్వాతెప్పుడో కీలుకు చేరుతోంది.

ఆ యాంటీబాడీలు దేనిని గుర్తిస్తున్నాయి? మన ప్రొటీన్లలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం కొన్ని పరిస్థితుల్లో సిట్రులిన్‌గా మారుతుంది. వాపు ఉన్న ఏ కణజాలంలోనైనా ఈ మార్పు జరుగుతుంది, దానంతట అది జబ్బు కాదు. (సిట్రులిన్‌ను తొలిసారి పుచ్చకాయ రసం నుంచి వేరుచేశారు కాబట్టి ఆ పేరు వచ్చింది, పుచ్చకాయ తినడానికీ ఈ జబ్బుకూ సంబంధం లేదు.) కొందరిలో మాత్రం రోగనిరోధక వ్యవస్థ ఈ మారిన ప్రొటీన్లను పరాయివిగా లెక్కగడుతుంది. పొగతాగేవారి ఊపిరితిత్తుల్లో ఈ మార్పు ఎక్కువ. చిగుళ్ల జబ్బు తెచ్చే పోర్ఫిరోమొనాస్ జింజివాలిస్ అనే బాక్టీరియా దగ్గర ఈ మార్పు చేయగల ఎంజైము సొంతంగానే ఉంది. అందుకే ఈ జబ్బుకు బీజం ఊపిరితిత్తుల్లోనో, చిగుళ్లలోనో, పేగుల్లోనో పడుతుందన్న వాదన బలపడింది. ఎవరిలో ఎక్కడ పడుతుందన్నది ఇంకా తేలలేదు.

జన్యువుల వాటా కూడా ఉంది. హెచ్‌ఎల్‌ఏ డీఆర్4 అనే కణ గుర్తుకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని పీటర్ స్టాస్ట్‌నీ 1970ల చివర్లో చూపించాడు. అయితే ఒకేరకం జన్యువులున్న కవలల్లో ఒకరికి జబ్బు ఉంటే రెండోవారికి కూడా రావడం 12 నుంచి 15 శాతం సందర్భాల్లోనే. జాతకం సగం కూడా చెప్పదన్నమాట.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ అంటే జబ్బు ఉన్నట్లేనా? ఒక లెక్క

ల్యాబుల్లో విడిగానూ, కొన్ని ప్యాకేజీల్లో భాగంగానూ ఆర్‌ఏ ఫ్యాక్టర్ (రుమటాయిడ్ ఫ్యాక్టర్) పరీక్ష చేస్తుంటారు. ఇది యాంటీబాడీల మీదే తిరగబడే మరో యాంటీబాడీ. నార్వేకు చెందిన ఎరిక్ వాలర్ 1940లో దీన్ని గమనించాడు. సిట్రులిన్ ప్రొటీన్లను గుర్తించే యాంటీ సీసీపీ పరీక్ష 1998 తర్వాత వచ్చింది. రెండూ జబ్బు ఉన్న వందమందిలో సుమారు డెబ్బైమందిని పట్టుకుంటాయి. తేడా ఎక్కడంటే, జబ్బు లేని వందమందిలో ఆర్‌ఏ ఫ్యాక్టర్ సుమారు 15 మందిని పొరపాటున పాజిటివ్‌గా చూపితే, యాంటీ సీసీపీ సుమారు అయిదుగురినే చూపుతుంది.

ఏ నొప్పీ లేని వెయ్యిమందికి ఈ పరీక్ష చేశామనుకుందాం. లెక్క కోసం వారిలో పదిమందికి జబ్బు ఉందని, 990 మందికి లేదని తీసుకుందాం. ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఆ పదిమందిలో ఏడుగురిని పట్టుకుంటుంది. మిగిలిన 990 మందిలో సుమారు 149 మందిని కూడా పాజిటివ్ అంటుంది. మొత్తం 156 పాజిటివ్ కాగితాల్లో నిజమైనవి ఏడు, అంటే అయిదు శాతం లోపే. ఇదే పరీక్షను వేళ్ల కణుపులు వాచి వచ్చిన, 300 మందికి జబ్బు ఉన్న వెయ్యిమందికి చేస్తే, నిజమైనవి 210, పొరపాటువి 105. మూడింట రెండు వంతులు నిజం. యాంటీ సీసీపీతో అయితే అదే గుంపులో 210కి 35 పొరపాట్లు మాత్రమే. పరీక్ష మారలేదు, ఎవరికి చేశామన్నదే మారింది. దీనికి మరో వైపు కూడా ఉంది: జబ్బు ఉన్నవారిలో పావు వంతు నుంచి మూడో వంతు మందికి ఈ యాంటీబాడీలు అసలు కనిపించవు. వారి విషయంలో పైన చెప్పిన సిట్రులిన్ కథ ఎంతవరకు వర్తిస్తుందో చెప్పడం కష్టం. ఒకే పేరు కింద రెండు జబ్బులున్నాయేమో అని అనుమానించేవారు పరిశోధకుల్లో తక్కువేమీ కాదు.

బలహీనమైన టీ కణం తెచ్చే జబ్బు

యాంటీబాడీలను తయారుచేసేవి బీ కణాలు. అవి సాధారణంగా తమంత తామే నిర్ణయం తీసుకోవు. మరో రకం రోగనిరోధక కణాలైన టీ కణాల ఆమోదం కావాలి. టీ కణాలు ఛాతీలోని థైమస్ గ్రంథిలో పరిపక్వమవుతాయి. అక్కడ సొంత ప్రొటీన్లకు గట్టిగా అతుక్కునే టీ కణాలను ఏరిపారేసే వడపోత ఒకటి జరుగుతుంది. వడపోత ఎంత జాగ్రత్తగా సాగినా కొన్ని తప్పించుకుంటాయి. వాటిని ఒంట్లో అదుపు చేసేవే నోబెల్ వార్తల్లోకెక్కిన నియంత్రక టీ కణాలు. జపాన్‌కు చెందిన సకగుచి 1995లో వీటిని గుర్తించాడు. 2001లో బ్రంకో, రామ్స్‌డెల్ ఫాక్స్‌పీ3 అనే జన్యువును కనుగొన్నారు. ఈ కణాలు ఏర్పడటానికి ఆ జన్యువే ఆధారమని 2003లో తేలింది.

సకగుచి బృందమే 2003లో వెల్లడించిన మరో పరిశోధన నోబెల్ సందడిలో అంతగా వినిపించలేదు గానీ, కీళ్లవాతం విషయంలో నాకు దాని విలువే ఎక్కువగా తోస్తుంది. ఎస్‌కేజీ అని పేరుపెట్టిన ఒక రకం ఎలుకల్లో, టీ కణం లోపల సంకేతాన్ని మోసే జాప్70 అనే ప్రొటీన్ జన్యువులో ఒక్క అక్షరం మారింది. దానితో టీ కణాలకు సంకేతం బలహీనంగా అందుతుంది. ఇమ్యూనిటీ తగ్గింది కాబట్టి కీళ్ల మీద దాడి కూడా తగ్గాలని మామూలు తర్కం. జరిగింది వేరు. సంకేతం బలహీనం కావడంతో థైమస్‌లో వడపోత సరిగ్గా సాగలేదు. ఏరిపారేయవలసిన టీ కణాలు మిగిలిపోయాయి. ఎలుకలకు రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను పోలిన జబ్బు వచ్చింది. అదే ఎలుకలను సూక్ష్మజీవుల బెడద లేని శుభ్రమైన గదిలో పెంచితే జబ్బు రాలేదు; శిలీంద్రాల గోడలోని పదార్థాన్ని ఎక్కించాక వచ్చింది. జన్యువు తలుపు తీసి ఉంచింది, లోపలికి తోసింది బయటి పదార్థం.

మనుషుల్లో ఈ నియంత్రక కణాలు తగ్గిపోవడమే జబ్బుకు కారణమా? రోగుల కీలు ద్రవంలో వెతికితే అవి రక్తంలో కంటే ఎక్కువ పాళ్లలోనే దొరికాయి. ఉన్నా ఎందుకు ఆపలేకపోతున్నాయన్నది వివాదం. వాపు ప్రక్రియలో పుట్టే సైటోకైన్లు వాటి పని చెడగొడుతున్నాయని ఒక వర్గం అంటుంది; దాడి చేసే టీ కణాలే వాటి మాట వినని స్థితికి చేరాయని మరో వర్గం అంటుంది. రెండింటికీ ఆధారాలున్నాయి.

కీలు లోపల ఎవరు ఎవరిని రెచ్చగొడుతున్నారు

వాచిన కీలు నుంచి సూదితో తీసిన ద్రవంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. మామూలు కీలు ద్రవంలో ఘన మిల్లీమీటరుకు తెల్ల కణాలు 200 లోపే ఉంటాయి. ఈ జబ్బులో అవి వేలల్లోకి పెరుగుతాయి. న్యూట్రోఫిల్స్ చనిపోయేటప్పుడు తమ డీఎన్‌ఏను వలలా బయటికి విసురుతాయి. సూక్ష్మజీవులను పట్టడానికి ఏర్పడిన ఈ వలకు సిట్రులిన్‌గా మారిన ప్రొటీన్లు అంటుకుని ఉంటాయి. యాంటీబాడీలు గుర్తించే సరుకు అలా కీలులోనే తయారవుతుంది.

సైనోవియం పొరలో పెత్తనం మాక్రోఫేజ్‌లది. యాంటీబాడీల గుత్తులు తగిలినా, టీ కణం తాకినా అవి టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్6 అనే సైటోకైన్లను విడుదల చేస్తాయి. టీఎన్‌ఎఫ్ రక్తనాళాల గోడలను అంటుకునేలా మార్చి మరిన్ని కణాలను లోపలికి రప్పిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్6 కాలేయానికి చేరి, వాపుకు గుర్తుగా కొలిచే సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. రక్తపరీక్ష కాగితంలో సీఆర్‌పీ పెరిగి కనిపించడం, రోగి నీరసంతో కుంగిపోవడం, రక్తహీనత రావడం ఈ దారిలోనివే. ఎముకను కరిగించే పని ఆస్టియోక్లాస్ట్‌లది. అవి కూడా మాక్రోఫేజ్‌ల వంశానికే చెందినవి. టీ కణాలూ ఫైబ్రోబ్లాస్ట్‌లూ పంపే ఆర్‌ఏఎన్‌కేఎల్ అనే సంకేతంతో అవి మేల్కొంటాయి.

ఊళ్లో పుకారు ఎలా పాకుతుందో గుర్తుచేసుకుంటే ఈ వ్యవహారం తేలిగ్గా అర్థమవుతుంది. మొదట అన్నవాడి చెవికే ఆ మాట నాలుగు ఇళ్లు తిరిగి వచ్చి చేరుతుంది. వాడు అది నిజమేనని ఇంకా గట్టిగా నమ్ముతాడు. మాక్రోఫేజ్ రెచ్చగొట్టిన ఫైబ్రోబ్లాస్ట్ ఇంటర్‌ల్యూకిన్6 వదిలితే, అది టీ కణాన్ని ఉసిగొల్పి, ఆ టీ కణం తిరిగి మాక్రోఫేజ్‌నే రెచ్చగొడుతుంది. తొలి కారణం ఎప్పుడో మాయమైనా మాట ఆగదు.

దోషిని తేల్చడానికి మందులు చెప్పిన సాక్ష్యం

ఏ కణానిది పెద్ద పాత్రో తేల్చడానికి మనుషుల్లో ఒకే గట్టి మార్గముంది: ఒక్కొక్క కణాన్నీ, ఒక్కొక్క సంకేతాన్నీ విడిగా ఆపి, జబ్బు తగ్గుతుందేమో చూడటం. గత ముప్పై ఏళ్ల మందుల చరిత్రను ఇలా చదివితే చాలా సంగతులు తెలుస్తాయి.

1989లో లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ బృందం రోగుల కీళ్ల కణాలను గాజు పాత్రలో పెంచి, టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకుంటే మరో ముఖ్య సైటోకైన్ కూడా దానంతటదే తగ్గుతోందని గమనించింది. టీఎన్‌ఎఫ్ వరసలో అందరికంటే పైన ఉందన్నది దాని అర్థం. 1992లో లండన్‌లోని చారింగ్ క్రాస్ ఆసుపత్రిలో తొలి రోగులకు టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందు ఇచ్చారు. ఏళ్ల తరబడి లొంగని వాపు వారాల్లో తగ్గింది. అదే కాలంలో సీడీ4 రకం టీ కణాలను రక్తం నుంచి తుడిచిపెట్టే మందులను కూడా ప్రయత్నించారు. రక్తంలో ఆ కణాలు పడిపోయాయి గానీ కీళ్లు మారలేదు. దానితో టీ కణాల పాత్ర ముగిసిందని, మాక్రోఫేజ్‌దే రాజ్యమని వాదించినవారున్నారు. తొందరపడ్డారనే చెప్పాలి. టీ కణాలను చంపకుండా, వాటికి అందే రెండో ఆమోద సంకేతాన్ని మాత్రమే ఆపే అబటసెప్ట్ 2005లో అమెరికాలో అనుమతి పొందింది, అది పనిచేసింది. లండన్‌లో జోనాథన్ ఎడ్వర్డ్స్ బీ కణాలే మూలమని నమ్మి, కేన్సర్ మందు రిటుక్సిమాబ్‌తో వాటిని తొలగించి చూశాడు. అదీ పనిచేసింది, యాంటీబాడీలు ఉన్నవారిలో ఇంకా బాగా పనిచేసింది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో తెచ్చిన రెడిటక్స్ ఈ రిటుక్సిమాబ్‌కు ప్రతిరూపమే. ఎంతో ఆశ పెట్టుకున్న, ఇంటర్‌ల్యూకిన్17 అనే మరో సైటోకైన్‌ను ఆపే మందులు మాత్రం సోరియాసిస్ కీళ్లవాతంలో రాణించినంతగా ఇక్కడ రాణించలేదు.

ఇక్కడొక విచిత్రం ఉంది. ఈ జబ్బు చికిత్సకు పునాది అయిన మెథోట్రెక్సేట్ అనే మందుకు తగినంత లొంగని రోగుల్లో, టీఎన్‌ఎఫ్‌ను ఆపినా, ఇంటర్‌ల్యూకిన్6ను ఆపినా, బీ కణాలను తీసేసినా, టీ కణాల సంకేతాన్ని అడ్డుకున్నా ఫలితాలు దాదాపు ఒకేలా ఉన్నాయి: నూటికి సుమారు అరవైమందికి జబ్బు 20 శాతమైనా తగ్గుతుంది, నలభైమందికి సగం తగ్గుతుంది, ఇరవైమందికే 70 శాతం తగ్గుతుంది. దీన్ని ఒకరు ఒక్క కణం దోషి కాదనడానికి రుజువుగా చూస్తారు: గొలుసులో ఏ లంకె తెంపినా సంభాషణ కొంత తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. మరొకరు వేరుగా చదువుతారు: ఒక్కొక్క రోగిలో దోషి వేరు, మనం అందరినీ కలిపి సగటు తీస్తున్నాం కాబట్టి అంకెలు ఒకేలా వస్తున్నాయి.

రెండో వాదనను పరీక్షించడానికి కీలు పొర నుంచే చిన్న ముక్క తీసి చూడటం మొదలైంది. 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం మూడు లక్షలకు పైగా కణాలను ఒక్కొక్కటిగా చదివి, రోగుల కీళ్లు కణాల మిశ్రమాన్ని బట్టి ఆరు రకాలుగా విడిపోతున్నాయని చూపింది: కొన్నింటిలో టీ, బీ కణాలు కిక్కిరిసి ఉంటే, కొన్నింటిలో ఫైబ్రోబ్లాస్ట్‌లు తప్ప పెద్దగా ఏమీ లేవు. 2021 నాటి ఆర్‌4ఆర్‌ఏ అనే పరిశోధనలో 164 మందికి ముక్క తీసి, బీ కణాలను తొలగించే రిటుక్సిమాబ్ గానీ, ఇంటర్‌ల్యూకిన్6ను ఆపే టోసిలిజుమాబ్ గానీ కేటాయించారు. సూక్ష్మదర్శినితో చూసి బీ కణాలు తక్కువని తేల్చినవారిలో రెండు మందుల మధ్య నికరమైన తేడా రాలేదు. బీ కణాలు తక్కువని ఆర్‌ఎన్‌ఏ పరీక్షతో తేల్చినవారిలో మాత్రం టోసిలిజుమాబ్‌కు 63 శాతం, రిటుక్సిమాబ్‌కు 36 శాతం మంది స్పందించారు. రెండో వాదనకు ఇది బలమే, పూర్తి విజయం అనడానికి లేదు.

రోగనిరోధక కణం కాని కణం

ఇంతవరకు వెనక వరసలో ఉన్న ఫైబ్రోబ్లాస్ట్‌ల సంగతి ఈ మధ్య ముందుకొచ్చింది. రోగుల ఫైబ్రోబ్లాస్ట్‌లను రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లో అమర్చినా అవి మృదులాస్థిని తొలుస్తూనే ఉన్నాయి, దూరాన అమర్చిన మృదులాస్థి దాకా ప్రయాణించాయి. 2019లో ఎలుకల మీద జరిగిన పనిలో ఈ కణాలు రెండు పనులు పంచుకున్నట్లు తేలింది: పొర లోతుల్లో ఉన్నవి వాపును నడిపిస్తే, అంచున ఉన్నవి ఎముకను నాశనం చేస్తాయి. ఏ మందుకూ లొంగని రోగులున్నారంటే, మన మందులన్నీ రోగనిరోధక కణాలకే గురిపెట్టడం అందుకు ఒక కారణం కావచ్చు. మాక్రోఫేజ్‌ల విషయంలోనూ కథ మలుపు తిరిగింది. జబ్బు అణిగిన రోగుల కీళ్లలో వాపును చల్లార్చే మాక్రోఫేజ్‌లు కూడా ఉన్నాయని 2020లో తెలిసింది. అవి తక్కువున్నవారిలో జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

భీమవరం నుంచి వచ్చిన మందు, క్షయ నేర్పిన పాఠం

ఇన్ని కొత్త మందులున్నా చికిత్సకు పునాది మెథోట్రెక్సేట్‌దే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లానికి వ్యతిరేకంగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను తయారుచేసింది. అవి కేన్సర్ కోసం పుట్టినవి. ఆయన 1948లో మరణించిన మూడేళ్లకు అమినోప్టెరిన్ కీళ్లవాతంలో పనికొస్తుందని గుర్తించారు. ఈ జబ్బుకు మెథోట్రెక్సేట్ అమెరికాలో అనుమతి పొందడానికి 1988 దాకా పట్టింది. కేన్సర్‌లో వాడే మోతాదుతో పోలిస్తే ఇక్కడ ఇచ్చేది చాలా తక్కువ, అదీ వారానికి ఒక్కసారే. ఈ కొద్ది మోతాదు కణాలను చంపడం కంటే, అడెనొసిన్ అనే పదార్థాన్ని పెంచి వాటిని చల్లబరచడం ద్వారా ఎక్కువగా పనిచేస్తుందని భావిస్తున్నారు. ఇమ్యూనిటీని తుడిచిపెట్టే మందు అన్న ముద్ర దీనికి అంతగా నప్పదు.

టీఎన్‌ఎఫ్ నిరోధకాల సంగతి వేరు. అవి విరివిగా వాడుకలోకి వచ్చిన కొద్దికాలానికే, 2001లో, నిద్రాణంగా ఉన్న క్షయ తిరగబెట్టిన కేసులు వెలుగులోకి వచ్చాయి. క్షయ క్రిమిని ఊపిరితిత్తుల్లో గూడు కట్టి బంధించేది మాక్రోఫేజ్‌లే, ఆ గూడు చెదరకుండా పట్టి ఉంచేది టీఎన్‌ఎఫే. కీలులో ఎముకను కొరికించే సంకేతమూ, ఊపిరితిత్తుల్లో క్షయను కాపలా కాసే సంకేతమూ ఒకటే. ప్రపంచ క్షయ కేసుల్లో సుమారు పావు వంతు ఉన్న మన దేశంలో ఈ మందుకు ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష అడగడం అందుకే.

అందుకే, కణాలను అణచడానికి బదులు వాటికి సొంతవారిని మళ్లీ గుర్తుచేయాలన్న ఆలోచన పరిశోధకులను ఆకర్షిస్తోంది. నియంత్రక టీ కణాలను పెంచి తిరిగి ఎక్కించే ప్రయత్నాలు ఇంకా తొలి దశల్లో ఉన్నాయి. దానికంటే ముందడుగు వేసింది నివారణ ప్రయోగం. బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో యాంటీబాడీలూ కీళ్లనొప్పీ ఉండి ఇంకా వాపు రాని 213 మందిలో కొందరికి ఏడాదిపాటు అబటసెప్ట్, మిగిలినవారికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. 2024లో ఫలితాలు వెలువడ్డాయి. ఏడాది ముగిసేసరికి మందు తీసుకున్నవారిలో 6 శాతం మందికి జబ్బు వస్తే, తీసుకోనివారిలో 29 శాతం మందికి వచ్చింది. ఆ తర్వాత మందు ఆపేశారు. రెండో ఏడాది చివరికి ఆ అంకెలు 25, 37 అయ్యాయి.